మంజీరాతీరమున బాధితలక్షణము

1. సంజ్ఞయు లక్షణమును

ఏ శాసనమైనను విధినిషేధములను జెప్పుటకు ముందు సంజ్ఞలను జేయును. భూమి యనఁగా నేది, కాలుష్య మనఁగా నేది, యజమాని యనఁగా నెవ్వఁడు అని మొదటి ప్రకరణముననే నిర్వచించి, పిదప నెవ్వ రేమి చేయవలయునో, యేమి చేయరాదో చెప్పును. వ్యాకరణమునను వృద్ధి, గుణము మొదలగు సంజ్ఞలు తెలిసినఁ గాని సూత్రములు ప్రవర్తింపవు. సంజ్ఞయందుఁ జేరనిదానికి సంజ్ఞనుబట్టి వచ్చు కార్యము కలుగదు. శాసనమందును నంతియే. బాధితుఁ డను పేరు పొందనివానికి బాధానివారణము నడుగు నధికారము లేదు.

నైయాయికులు లక్షణమునకు మూఁడు దోషములఁ జెప్పిరి. లక్ష్యములోఁ గొంతభాగమున లేకుండుట అవ్యాప్తి. లక్ష్యమును దాఁటి యన్యమునకుఁ బోవుట అతివ్యాప్తి. లక్ష్యమున నెచ్చటను లేకుండుట అసంభవము. ఆవునకుఁ గపిలవర్ణము లక్షణ మన్నచోఁ దెల్లయావు వెలి యగును. కొమ్ము లుండుట లక్షణ మన్నచో గేదెయు నా వగును. ఒంటిగిట్ట లక్షణ మన్నచో నే యావును ఆవు కాదు.

ఈ పరీక్షను మంజీరానదీతీరమునఁ బ్రవర్తిల్లిన శాసనములకుఁ బట్టించి చూడవలసి యున్నది. చెడిన నీరు, పేదఱికము అను రెండుబరువులను నొక్క తలపై మోయు జనసమూహమును శాసనము లే పేరఁ బిలిచినవి? ఆ పేరులోఁ జేరినవా రెవ్వరు, చేరనివా రెవ్వరు? ప్రశ్న చిన్నదిగఁ దోఁచినను, త్రాగునీరును, పంటయు, కూలియు, పరిహారమును దాని యుత్తరమునుబట్టియే కలుగుచున్నవి.

2. నదియు సీమయు

మంజీర మహారాష్ట్రమున బీడు జిల్లాలోని బాలాఘాటు కొండలఁ బుట్టి, కర్ణాటకమును దాఁటి, తెలంగాణముఁ జొచ్చి, సంగారెడ్డి ప్రాంతమున నుత్తరమునకుఁ దిరిగి, మెదకుసీమ మీఁదుగాఁ బాఱి కందకుర్తి వద్ద గోదావరిలోఁ గలియును. పాపన్నపేట మండలములోని నాగసానిపల్లె దగ్గఱ నేడుపాయలుగాఁ జీలుటచే నా స్థలమునకు ఏడుపాయల యను పేరు వచ్చినది. అచ్చటి వనదుర్గాభవానికి శివరాత్రినాఁడు జాతర జరుగును. ఆ సమీపముననే 1905 లో నిజాము ప్రభుత్వము ఘనపురము ఆనకట్టను గట్టించెను. మహబూబునహరు, ఫతేనహరు అను రెండుకాలువలు పాపన్నపేట మొదలగు గ్రామముల పొలములకు నీరు పాఱించుచున్నవి. పాపన్నపేట యొకప్పుడు సంస్థానము. 18వ శతాబ్దిలో రాణి శంకరమ్మ దాని నేలెను. సంగారెడ్డి పట్టణము ఆ సంస్థానాధిపుల వంశములోని సంగారెడ్డి పేర వెలసిన దని ప్రసిద్ధి. 2016 అక్టోబరు 11వ తేదిని మెదకు జిల్లా మూఁడుగా విభజింపఁబడఁగా, పాపన్నపేట మెదకు జిల్లాయందును, పటాన్‌చెరువు సంగారెడ్డి జిల్లాయందును నిలిచినవి. అంతకుముందు రెండును నొక్క జిల్లాలోనివే.

నీటి వరుసను గమనింపవలయును. సింగూరు జలాశయమును, దాని దిగువనున్న మంజీరా బ్యారేజియు హైదరాబాదు నగరమునకుఁ ద్రాగునీ రిచ్చుచు వచ్చినవి. పటాన్‌చెరువు, బొల్లారము పారిశ్రామికవాడల మురుగును మోసికొని వచ్చిన నక్కవాగు ఆ బ్యారేజికి దిగువను మంజీరలోఁ గలియును. దానికి దిగువ ఘనపురము ఆనకట్ట. మఱియు దిగువ నిజాంసాగరము. అనఁగా నగరము నీరు తోడికొను చోటు పైన నున్నది. కర్మాగారముల మురుగు కలియు చోటు దాని క్రింద నున్నది. పల్లెలు నక్కవాగు పొడవునను, దానికి దిగువను నున్నవి. ఈ వరుస నెవ్వఁడును దుర్బుద్ధితోఁ గల్పించి యుండకపోవచ్చును. అయినను శాసన మెవరి నీటికిఁ బేరు పెట్టి కాపాడినదియు, ఎవరి నీటిని బేరు లేక విడిచినదియు నీ వరుసను జూచినచో సులభముగఁ దెలియును.

3. ప్రాచీనశాసనములందలి రెండు దారులు

నీటిని జెఱచుట దండనీయమను భావము క్రొత్తది కాదు. కౌటిల్యుఁడు నగరపాలనప్రకరణమున వీథిలో దుమ్ముపోసినవానికిని, బురదనీటిని నిలిపినవానికిని, పుణ్యస్థలములను జలస్థానములను అశుచి చేసినవానికిని దండములను విధించెను. రాజమార్గమునఁ జేసిన దోషమునకు దండము రెట్టింపు. మనుస్మృతి నవమాధ్యాయమున రాజమార్గము నశుచి చేసినవానికి రెండు కార్షాపణములు దండమని చెప్పి, ఆపన్నుని, వృద్ధుని, గర్భిణిని, బాలుని మాత్రము దండింపక, మందలించి స్థలమును శుద్ధి చేయింపు మని విధించెను. ఈ విధులలో రెండు గుణములు గలవు. అశుచి యన్నది చేసినపనికి వచ్చిన పేరు. చేసినవాని స్థితియు విచారింపఁదగినది.

కాని యా గ్రంథములయందే వేఱొకదారియుఁ గలదు. చండాలాదుల నివాసము గ్రామమునకు వెలుపల నని మనుస్మృతి దశమాధ్యాయము చెప్పుచున్నది. శ్మశానముచెంత నని యర్థశాస్త్రము చెప్పుచున్నది. ఇచ్చట నశుచి యన్నది చేసినపనికిఁ గాక పుట్టుకకు లక్షణ మయ్యెను. చచ్చిన పశువులను దీసివేయుట, తోళ్లను బదును చేయుట, ఊరిపెంటను మోయుట మొదలైన పనులను గొందఱకుఁ గట్టఁబెట్టి, ఆ పనులు చేయుదు రన్న హేతువుతో వారినే యశుచు లనుట తార్కికులు చెప్పు నన్యోన్యాశ్రయదోషమునకు స్పష్టమైన యుదాహరణము. మాలవాడ, మాదిగవాడ యూరికి దూరముగ నుండుటకు మూల మీ లక్షణమే. ఊరు విడిచిన నేల వారికి దక్కెను. ఊరు విడిచిన నీరును వారి దిక్కునకే పాఱెను.

భారతరాజ్యాంగము 1950 జనవరి 26వ తేదిని బూర్ణముగ నమలులోనికి వచ్చి, 17వ యధికరణముచే నస్పృశ్యతను రద్దు చేసెను. అంతటితో నిలువక 341వ యధికరణముచే నా సమూహములనే ‘షెడ్యూల్డు కులములు’ అను సంజ్ఞతోఁ బట్టికలోనికిఁ జేర్చెను. వెలి చేయుటకుఁ బెట్టిన పేరు పోయి, అదే జనులకు మేలు చేయుటకై మఱియొకపేరు పుట్టెను. సంజ్ఞ యొక్కొకప్పుడు బంధించును, ఒక్కొకప్పుడు విడిపించును. అది యే ప్రయోజనమునకుఁ జేయఁబడినదో విచారింపవలసి యుండును.

4. భూమిని జూచిన శాసనము

నిజాము రాజ్యమున 1317 ఫసలీలో, అనఁగా 1907–08 ప్రాంతమున, హైదరాబాదు భూమి రెవెన్యూ శాసనము వెలువడెను. శిస్తు వసూలు చేయుట దాని ముఖ్యప్రయోజనము. కావున నది భూమిని ఖుష్కి యనియు, తరి యనియు విభజించెను. శిస్తునకు బాధ్యుఁడగువానిని బట్టాదారుఁ డనెను. పట్టాదారు పేర లెక్కలో నున్నను, నాఁగలి పట్టినవాఁడు పెక్కుచోట్ల వేఱొకఁడు. వాఁ డా శాసనమున కగపడలేదు, లేదా షిక్మీదారుఁ డను పేర నొకమూల నగపడెను.

ఈ లోపమును 1950 నాఁటి హైదరాబాదు కౌలుదారీ శాసనము కొంత దిద్దెను. అది ‘రక్షిత కౌలుదారుఁడు’ అను నూతనసంజ్ఞను గల్పించెను. అంతకుముందును వాఁడే దున్నెను, వాఁడే నాటెను. కాని పేరు లేమిచే వెళ్లఁగొట్టఁబడుచుండెను. పేరు వచ్చినతోడనే యధికారము వచ్చెను. కాలక్రమమునఁ గొన్నిచోట్ల స్వామ్యమును వచ్చెను. అమలులోఁ గొఱత లెన్ని యున్నను, బరువు మోయువానిని శాసనము గుర్తింపఁ దలఁచినచో నిర్వచింపఁగల దనుటకు మెదకుసీమయం దిది నిదర్శనము. గుర్తింపలేదన్నచో నది యశక్తివలనఁ గాదు.

5. వెనుకఁబాటు పిలిచిన పరిశ్రమ

1970 ప్రాంతమునఁ గేంద్రప్రభుత్వము వెనుకఁబడిన జిల్లాల పట్టికను సిద్ధపఱచి, ఆ జిల్లాలలోఁ బెట్టు పరిశ్రమలకు సులభవడ్డీ ఋణములు మొదలగు సౌకర్యములను గల్పించెను. ఆంధ్రప్రదేశమున నీ పట్టికలోఁ జేరిన జిల్లాలలో మెదకు నొకటి. హైదరాబాదునకు దగ్గఱగా నుండుట, బొంబాయి రహదారి ప్రక్కన నుండుట, నేల చవుకగా దొరకుట యను హేతువులచేఁ బటాన్‌చెరువు పారిశ్రామికవాడ త్వరితముగఁ బెరిగెను. హైదరాబాదులోని ఐడీపీఎల్ కర్మాగారమున శిక్షితులైన రసాయనజ్ఞులు తామే ఔషధముల ముడిపదార్థములను జేయుటకుఁ బూనుకొనిరి. 1980 లో ఇందిరాగాంధి మెదకునుండి లోక్‌సభకు ఎన్నికయిన పిదప నీ ప్రాంతమున పరిశ్రమలు మఱింత వృద్ధి పొందెను. పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము, కాజీపల్లి, గడ్డపోతారము ప్రాంతము లౌషధములకును, రసాయనములకును స్థానము లయ్యెను.

ఇచ్చటి సంజ్ఞను బరిశీలింపుఁడు. వెనుకఁబడినది జిల్లా, సౌకర్యము పొందినది పరిశ్రమ. పేదఱికము జిల్లాకు లక్షణ మయ్యెనే కాని పేదవాఁడు దానిలోఁ బాత్రుఁడు కాలేదు. లక్షణ మొకచోట నుండఁగా దాని ఫలము వేఱొకచోటఁ బడెను. పరిశ్రమవలనఁ గొందఱకుఁ గొలువులు దొరకినమాట నిజము. కాని విషద్రవములు కాజీపల్లి, గండిగూడెము, కిష్టారెడ్డిపేట చెఱువులలోనికిని, వాగులలోనికిని బాఱినప్పు డా నష్టము నెవ్వరి పేర వ్రాయవలయునో యా పట్టిక చెప్పలేదు.

పేదవానిని నిర్వచించు శాసనపద్ధతియు నించుమించుగ నా కాలముననే స్థిరపడెను. 1979 లో నొక నిపుణసంఘము పల్లెలో దినమునకు 2,400, పట్టణమున 2,100 కెలోరీల యాహారమును గొలఁతగాఁ గొని దారిద్ర్యరేఖను గీచెను. తరువాతి సంఘములు కొలఁతను మార్చినను, కొనుటకు వెచ్చించు ధనమే మూలముగ నిలిచెను. ఈ లెక్కలో గిన్నెలోని బియ్యము కలదు. బావిలోని నీరు లేదు. తన బావి చెడి నీటిని గొనవలసి వచ్చినవాని వ్యయము పెరుఁగుటచే, ఆ రేఖకు దిగువ నుండవలసినవాఁడు పైన నున్నట్లు గనఁబడుటయుఁ గలదు.

6. నీటికి నిర్వచనము, మనుష్యునికి మౌనము

1974 నాఁటి జలకాలుష్య నివారణ నియంత్రణ శాసనమునఁ గాలుష్యమునకుఁ జేసిన నిర్వచనము విపులమైనది. నీటి భౌతిక రసాయనిక జైవికధర్మములు మాఱుటచేఁ బ్రజారోగ్యమునకుఁ గాని, గృహకృత్యములకుఁ గాని, వ్యవసాయమునకుఁ గాని, పశువులకుఁ గాని, మొక్కలకుఁ గాని, జలచరములకుఁ గాని హాని కలుగుట, కలుగు నవకాశ ముండుట దానిలోఁ జేరును. 1986 నాఁటి పరిసరరక్షణ శాసనము నీరు, గాలి, నేల, మనుష్యులు, ప్రాణులు, ఆస్తి వీని పరస్పరసంబంధమునుగూడఁ బరిసర మనెను. లక్షణముగఁ జూచినచో వీనియం దవ్యాప్తి స్వల్పము.

కాని యీ నిర్వచనములు ప్రవర్తించునది కొలఁతలద్వారా. కొలఁతపట్టికలోఁ బేరు లేని ద్రవ్యము నీటిలో నున్నను లేనట్లే. 2007 లో స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పటాన్‌చెరువు ఉమ్మడి శుద్ధికేంద్రమునుండి వెలువడిన నీటిని బరీక్షించి, సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు లీటరునకు 31 మిల్లీగ్రాముల వఱకు నున్నట్లు ప్రకటించిరి. సుమారు 90 ఔషధ కర్మాగారముల మురుగు ఆ కేంద్రమునకుఁ జేరుచుండెను. ఆనాఁటి ప్రమాణములలో నిట్టి యౌషధశేషములకుఁ బరిమితి లేదు. 2020 జనవరిలో వెలువడిన చిత్తుప్రతిలోఁ బరిమితులు ప్రతిపాదింపఁబడెను గాని, 2021 నాఁటి తుదిప్రకటనలో నవి చేరలేదు.

2009 లోఁ గేంద్రకాలుష్య నియంత్రణ మండలి 88 పారిశ్రామికప్రాంతములను దూఁచి, 70 అంకెలకు మించిన 43 ప్రాంతములను దీవ్రకలుషితము లని పేర్కొనెను. పటాన్‌చెరువు–బొల్లారమునకు వచ్చిన యంకె 70.07. ఆ గణనలోఁ గాలుష్యమూలము, అది పాఱు దారి, అది తగులు జనసంఖ్య యను మూఁడు నంశములును గలవు. జనుల నెన్నుట గొప్ప మెట్టే. అయినను శుద్ధజలమును గొనఁగలవాఁడును, వాగులో గుడ్డలుతుకువాఁడును ఆ గణనలో నొక్కొక్క యంకెయే. సంఖ్య తెలిసెను, స్థితి తెలియలేదు.

నగరముయొక్క నీటికిఁ గలిగిన రక్షణతో దీనిని బోల్చి చూడవచ్చును. 1996 మార్చిలో నాంధ్రప్రదేశ ప్రభుత్వము 111వ సంఖ్యగల యుత్తరువుచే నుస్మానుసాగరము, హిమాయతుసాగరముల చుట్టును 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామములలోఁ గాలుష్యకరపరిశ్రమలను నిషేధించెను. 1999 లో సర్వోన్నత న్యాయస్థానము నాయుఁడు గారి వ్యాజ్యమున నా జలాశయముల రక్షణమును సమర్థించెను. 2022 లో నా యుత్తరువు సడలింపఁబడినది. అయినను పాతికయేండ్లకుఁ బైగా నది నిలిచెను. హద్దు గీచి, గ్రామముల పేర్లు వ్రాసి, ముందే యాఁపుట శాసనమునకుఁ దెలియు ననుటకు నిది సాక్ష్యము. నక్కవాగు తీరమునకు నిట్టి హద్దు నెవ్వరును ముందుగ గీయలేదు. అచ్చట గ్రామముల పేర్లు పట్టికలోనికి వచ్చినది హాని జరిగిన పిమ్మట.

7. 1990 నాఁటి వ్యాజ్యమున గ్రామముల పట్టిక

పటాన్‌చెరువున వైద్యవృత్తి నెఱపిన అల్లాణి కిషన్‌రావు మొదలగువారును, రైతులును 1980 దశాబ్దమునుండి యాందోళనము చేసిరి. 1990 లో ఇండియన్ కౌన్సిల్ ఫర్ ఎన్విరో లీగల్ యాక్షన్ అను సంస్థ సర్వోన్నత న్యాయస్థానమున 1056వ సంఖ్యగల రిట్టును దాఖలు చేసెను. న్యాయస్థాన మాదేశింపఁగా మెదకు జిల్లా న్యాయాధిపతి విచారించి, బాధితగ్రామములను బేర్కొని నివేదిక నిచ్చెను. పంటనష్టమునకుఁ బరిహారము యెకరముల లెక్కను, తరి ఖుష్కి భేదమునుబట్టి నిర్ణయింపఁబడెను. ఈ వ్యాజ్యము 2001 లో హైదరాబాదు హైకోర్టునకును, పిదపఁ జెన్నపురియందలి జాతీయ హరిత ట్రిబ్యునలు శాఖకును బదిలీ యయ్యెను. 2017 అక్టోబరులో నచ్చట తీర్పు వెలువడెను. దాఖలునుండి తీర్పు వఱకు 27 సంవత్సరములు గడచెను. వ్యాజ్యము మొదలైన నాఁడు పుట్టిన శిశువు, తీర్పునాఁటికిఁ దాను బిడ్డలు గలవాఁడై యుండవచ్చును.

న్యాయస్థానము చేసిన మేలును దక్కువ చేయరాదు. గ్రామములకు మంచినీటి సరఫరా, పరిహారము, పరిశ్రమలపైఁ దనిఖీ యీ వ్యాజ్యమువలననే కలిగెను. కాని బాధితలక్షణమును జూచినచో, 1317 ఫసలీనాఁటి పట్టా యెనుబదియేండ్ల పిమ్మటఁ దిరిగి వచ్చిన దనక తప్పదు. తరి, ఖుష్కి యను విభాగము శిస్తునకై చేయఁబడినది. ఇప్పు డదియే బాధకుఁ గొలఁత యయ్యెను. ఎకరములు గలవాఁడు బాధితుఁడు. ఎకరములు లేనివాఁడు, వాని పొలమున నాట్లు వేయుటకుఁ గైకిలికిఁ బోయినవాఁడు, వాగున గుడ్డలుదుకు చాకలి, చెఱువున వల వేయు బెస్త, గొఱ్ఱెలకు నీరు పెట్టు గొల్ల, ఈ నలువురును నదే నీటికి గుఱియైరి. కాని పంటనష్టమను సంజ్ఞలోఁ జేరరు. పంట పోయినప్పుడు రైతునకు నష్టము గొంత పరిహారముగఁ దిరిగి వచ్చును. కైకిలి పోయినవానికి నా నష్ట మే లెక్కలోను రాదు. పేదఱికము హెచ్చినకొలఁది లక్షణమునకు దూర మగుట యిందలి విశేషము. ఇది యవ్యాప్తి; అందును మిక్కిలి బాధ నొందినవారినే విడిచిన యవ్యాప్తి.

గ్రామముల పట్టికయందు నిట్టి చిక్కే కలదు. పాణినీయమున గణపాఠము రెండువిధములు. కొన్ని గణములు పరిగణితములు. పఠింపఁబడిన శబ్దములే వానిలోనివి. కొన్ని యాకృతిగణములు, పఠితశబ్దములు దిక్ప్రదర్శనమాత్రములు, అదే యాకృతి గల శబ్ద మెచ్చటఁ గనఁబడినను దానిని జేర్చికొనవలయును. నీరు వాగును బట్టి పాఱును, ఋతువునుబట్టి వ్యాపించును, నేలక్రిందను నడచును. అట్టిదానికి బరిగణితగణము చాలదు. 2009 లోఁ బటాన్‌చెరువు శుద్ధికేంద్రమునుండి సుమారు 18 కిలోమీటర్ల గొట్టపుమార్గ మేర్పడి, ఆ నీరు హైదరాబాదు మురుగుకాలువలద్వారా అంబరుపేట శుద్ధికేంద్రమునకును, అచ్చటినుండి మూసీకిని బోవుట మొదలయ్యెను. నక్కవాగు తీరముయొక్క బరువు కొంత మూసీతీరమునకు మాఱెను. బరువు మాఱినతోడనే పట్టిక తనంతఁ దాను మాఱదు. ఆకృతిగణ మైయున్నచో మూసీతీరగ్రామములును, మంజీరకు దిగువనున్న పాపన్నపేట మొదలగునవియు, నీటిపరీక్ష చేసి హాని కలదని తేలిన దినముననే పట్టికలోఁ జేరును. లేదని తేలినచోఁ జేరవు. క్రొత్తవ్యాజ్యముతోఁ బని యుండదు.

8. తరువాతి రెండు శాసనములు

భోపాలు ఘోరము 1984 డిసెంబరులో జరిగిన పిమ్మట 1991 లోఁ బ్రజాబాధ్యతా బీమా శాసనము వచ్చెను. ప్రమాదకరపదార్థములవలన హాని పొందినవానికిఁ దప్పు నిరూపింపకయే తక్షణసాహాయ్యము చేయుట దాని యుద్దేశము. కాని యది ప్రమాద మన్నది యాకస్మికముగఁ గాని, యుద్దేశింపకుండఁ గాని జరిగిన సంఘటన యని నిర్వచించెను. కార్మికులకు వేఱుశాసన మున్న దని వారి నిందుండి మినహాయించెను. ఒక్కరాత్రిలో విషవాయువు వెలువడుట యిందులోఁ దేటగాఁ జేరును. ఇరువదియేండ్లు దినదినమును గొంచెముకొంచెముగ బావిలోనికి దిగిన విషము సంఘటన యను మాటలో నిముడుట దుష్కరము. భోపాలును జూచి చేసిన లక్షణము పటాన్‌చెరువునకుఁ జాలలేదు.

2010 నాఁటి జాతీయ హరిత ట్రిబ్యునలు శాసనము విశాలతరమైనది. హాని పొందినవాఁడు, ఆస్తి గలవాఁడు మాత్రమే కాక బాధితుల తరఫున సంస్థయు నర్జీ పెట్టవచ్చును. పరిహారశీర్షికలలో జీవనోపాధి నష్టమును, పశునష్టమును జేరెను. కైకిలి పోయినవానికిఁ దొలిసారి యొక ద్వారము తెఱువఁబడినది. అయినను రెండు చిక్కులు మిగిలినవి. మొదటిది, పరిహారపు టర్జీకి హేతువు మొదట కలిగిన దినమునుండి అయిదేండ్లు గడువు. మెల్లఁగ నెక్కు విషమునకు మొదటిదినమును జూపుట యెవ్వరికిని సులభము కాదు. రెండవది, ట్రిబ్యునలు విచారింపఁదగిన ముఖ్యప్రశ్నను నిర్వచించుచు, ఒక వ్యక్తికో కొందఱు వ్యక్తుల గుంపునకో కాక సమాజమున కంతకు హాని కలుగుటను నొక లక్షణముగఁ జెప్పెను. కొందఱ గుంపునకును సమాజమునకును హద్దేది? పదునైదు కుటుంబముల చాకలివాడ గుంపా, సమాజమా? శాసనము సమాజశబ్దమును బ్రయోగించెను గాని దానికి లక్షణము చెప్పలేదు.

9. ఇతరదేశములందలి నిర్వచనములు

అమెరికాలో నార్త్ కెరొలైనా రాష్ట్రపు వారెన్ కౌంటీలో 1982 లో నల్లవారు, పేదలు నివసించుచోట విషమయమైన మట్టిని బాఁతిపెట్టఁబూనఁగా జరిగిన యాందోళనమునుండి పరిసరన్యాయ మను మాట వ్యాపించెను. 1994 లో నధ్యక్షుఁడు క్లింటను 12898వ యుత్తరువుచేఁ గేంద్రశాఖలన్నియు నట్టి జనుల బరువును విచారింపవలయు నని యాజ్ఞాపించెను. అది శాసనసభ చేసిన శాసనము కాదు. అధ్యక్షుని యుత్తరువు మాత్రమే. 2025 జనవరిలో నింకొక యధ్యక్షుని యుత్తరువుచే నది రద్దయ్యెను. ముప్పదియేండ్ల సంజ్ఞ యొక్క దినమునఁ బోయెను.

న్యూజెర్సీ రాష్ట్రము 2020 సెప్టెంబరులో శాసనమే చేసెను. ఒక చిన్నగణనప్రాంతమున నూటికి 35 కుటుంబములు తక్కువ యాదాయము గలవైనను, నూటికి 40 మంది యల్పసంఖ్యాకజాతులవారు లేదా మూలవాసులైనను, నూటికి 40 కుటుంబములు ఆంగ్లభాష చక్కఁగ రానివైనను, దానిని మితిమీఱిన బరువు మోయు సమాజ మని పిలిచెను. అట్టిచోటఁ గ్రొత్తకర్మాగారమున కనుమతి యిచ్చుటకు ముందు, ఉన్న బరువులన్నిటిని గలిపి లెక్కింపవలయును. కాలిఫోర్నియాలో 2012 నాఁటి శాసనమును, తరువాత నేర్పడిన గణనపద్ధతియు వేఱుదారిని బట్టెను. కాలుష్యభారమున కొక యంకె, జనుల దుర్బలస్థితికి నొక యంకె వేసి, రెంటిని గుణించి, పైనుండి నాలుగవభాగమును సాహాయ్యార్హముగ నిర్ణయించెను.

రెండు లక్షణములకును దోషములు గలవు. న్యూజెర్సీలో బరువు మోయు సమాజ మను పేరునకు బరువే లక్షణము కాదు. కాలుష్యము లేని పేదవాడయు నా పేరు పొందును. ఇది యతివ్యాప్తి. నూటికి 34 కుటుంబములు పేదవైనచోట నితరలక్షణములు లేకున్న నా పేరు దొరకదు. కాలిఫోర్నియాలో గుణకార ముండుటచే రెండుబరువులలో నొకటి స్వల్పమైనచో ఫలమును స్వల్ప మగును. ఇది యుద్దిష్టార్థమునకు దగ్గఱ. ఎట్లున్నను బరువు, పేదఱికము అను రెంటిని నొక్క వాక్యమునఁ గూర్చుటకు నచ్చటివారు సాహసించిరి. భారతశాసనములలోఁ బేదఱికమునకు నొక పట్టిక, కాలుష్యమునకు వేఱొక పట్టిక కలదు. ఆ రెంటిని నొకచోటఁ గూర్చిన వాక్యము మాత్ర మీ శాసనములలో లేదు.

10. ఆక్షేపము, సమాధానము

ఇట్టి పేరు పెట్టుట యా జనులకు నపకీర్తి కాదా యని యాక్షేపింపవచ్చును. చెడిన నీటియూరని ముద్ర పడినచో నా పొలము నెవ్వఁడు కొనును, ఆ యూరికిఁ బిల్ల నెవ్వఁ డిచ్చును అన్న ప్రశ్న పల్లెలలో నిజముగ వినఁబడునది. దీనికి సమాధానము తర్కమునందే కలదు. జాతి వేఱు, ఉపాధి వేఱు. జాతి ద్రవ్య మున్నంతవఱకు నుండును. ఉపాధి హేతువు తొలఁగినతోడనే తొలఁగును. పూర్వశాసనము చేసిన యపరాధము ఉపాధిని జాతిగ భావించుట. మురికిపని చేయు స్థితిని బుట్టుకకు నంటఁగట్టి, తరతరములకు విడువని పేరు చేసెను. క్రొత్తలక్షణ ముపాధిగనే యుండవలయును. నీరు చెడి యున్నంతవఱకు నా పేరు. నీరు బాగుపడిన దినమున నా పేరు పోవలయును. అపుడు పేరు నిలిచి యుండుట యూరికిఁ గాక, నీటిని బాగుచేయనివానికి నపకీర్తి యగును.

మఱి లక్షణ మెట్లుండవలయును? పై పరీక్షవలన నాలుగంశములు తేలుచున్నవి. భూమి యున్నను లేకున్నను, ఆ నీటిపైఁ ద్రాగుటకో బ్రతుకుటకో యాధారపడినవాఁ డెల్ల బాధితుఁడు. కాలుష్యభారమును, దానిని దాళలేని పేదఱికమును రెంటిని గలిపి తూఁచవలయును. గ్రామముల పట్టిక యాకృతిగణముగ నుండవలయును. పేరు ఉత్తరువులోఁ గాక శాసనమందే యుండవలయును. రక్షిత కౌలుదారుని నిర్వచింపఁగలిగిన శాసనమునకు, 84 గ్రామముల చుట్టును గీఁత గీయఁగలిగిన శాసనమునకు నిది యలవికాని పని కాదు.

ఒకప్పటి శాసనము మనుష్యుని గాలుష్యహేతువుగ నిర్వచించుటకు వెనుదీయలేదు. నేఁటి శాసనము కాలుష్యమునకు గుఱియైన మనుష్యుని నిర్వచించుటకు వెనుదీయుచున్నది. మంజీర మాత్ర మా రెండు శాసనముల నడుమ నెట్టి భేదమును బాటింపక, పైనుండి వచ్చినదానినెల్ల దిగువకు మోసికొని పోవుచున్నది.